అలిపిరి మెట్లు దిగొచ్చాక తొడలు పట్టేశాయి, కరెంట్ పెట్టించుకుంటే తగ్గుతుందా?

మెట్లదారి (ఆదివారం, రాత్రి 9:12)

శుక్రవారం అలిపిరి నుంచి నడిచి కొండెక్కాం. 3,550 మెట్లు. గాలిగోపురం వచ్చేదాకా ఊపిరి అందలేదు, ఆ తర్వాత అలవాటైపోయింది. దర్శనం అయ్యాక బస్సులో దిగుదామంటే మా బావమరిది "దిగడమెంతసేపు బావా, పరిగెత్తుకుంటూ పోవచ్చు" అన్నాడు. సరే అని దిగాం. అప్పుడేమీ అనిపించలేదు. నిన్న పొద్దున మంచం దిగబోతే తొడలు రెండూ చెక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. ఇవాళ ఇంకా ఎక్కువైంది. కుర్చీలో కూర్చోవాలంటే గోడ పట్టుకోవాలి. అపార్ట్‌మెంట్ మెట్లు పీతలా పక్కకి తిరిగి దిగుతుంటే వాచ్‌మన్ నవ్వుతున్నాడు.

మా వీధి చివర ఫిజియోథెరపీ క్లినిక్ ఉంది. ఫోన్ చేస్తే "రండి సార్, ఐదు సిట్టింగులు కరెంట్ పెడితే ఫ్రీ అయిపోతారు, సిట్టింగుకి 400" అన్నారు. మా తోడల్లుడేమో "ఆ రెండు వేలకి ఆన్‌లైన్‌లో మెషీనే వస్తుంది, ఇంట్లో పెట్టుకో" అంటున్నాడు. ఎవరైనా వాడారా? నిజంగా పనిచేస్తుందా?

గుంజీళ్ళ బ్యాచ్ (ఆదివారం, రాత్రి 9:30)

ఏడో తరగతిలో మా లెక్కల మాస్టారు వంద గుంజీళ్ళు తీయించారు. మూడు రోజులు ఇలాగే పీతలా నడిచాను. ఎవరూ ఏ కరెంటూ పెట్టలేదు. అదే తగ్గింది. పడుకోండి సార్.

కేబీఆర్ రన్నర్ (ఆదివారం, రాత్రి 9:58)

బ్రో, మెషీన్ కొనేయండి. నేను మొన్న ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ పరిగెత్తాను. ఆ ఫ్లైఓవర్లు ఎక్కి దిగేసరికి సోమవారం నా పరిస్థితీ ఇదే. టెన్స్ మెషీన్ (చర్మానికి ప్యాడ్లు అంటించి చిన్న కరెంట్ ఇచ్చేది) తెప్పించుకుని రోజూ రాత్రి అరగంట తొడలకి పెట్టుకున్నా. గురువారానికల్లా మళ్ళీ పార్కులో జాగింగ్. కరెంట్ వల్ల కండరంలో పేరుకున్న లాక్టిక్ యాసిడ్ అంతా కదిలి బయటికి పోతుంది. మా గ్రూపులో అందరి దగ్గరా ఉంది ఆ మెషీన్.

ఫిజియో గుంటూరు (ఆదివారం, రాత్రి 10:41)

ఫిజియోగా పదకొండేళ్ళు చేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, తిట్టుకోకండి.

ముందు ఆ లాక్టిక్ యాసిడ్ సంగతి. అది మీరు ఆగిన గంట, గంటన్నరలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. రెండో రోజు నొప్పికీ దానికీ సంబంధం లేదు. ఇంకో లెక్క చూడండి. అది ఎక్కువగా తయారయ్యేది మెట్లు ఎక్కేటప్పుడు. ఆయాసం వచ్చేది అప్పుడే కదా. దిగేటప్పుడు చాలా తక్కువ. మరి నొప్పి తెచ్చిపెట్టేది ఎక్కువగా దిగడమే. లాక్టిక్ యాసిడ్ కథ ఇక్కడే తేలిపోతుంది.

దిగేటప్పుడు తొడ ముందు కండరం బ్రేకులా పనిచేస్తుంది. ఒకవైపు శరీరం బరువు మోస్తూనే ఇంకోవైపు సాగుతుంది. మా ఊళ్ళో బావి ఉన్నవాళ్ళకి ఇలా చెబుతాను: నిండు చేదని పైకి లాగేటప్పుడు చేతులు అలసిపోతాయి, కానీ అదే నిండు చేదని మెల్లగా కిందికి వదలమంటే తాడు జారుతూ అరచేతులు ఒరుసుకుపోతాయి. కండరంలోనూ అలాంటిదే జరుగుతుంది. పోగుల్లో కంటికి కనబడనంత చిన్న చిరుగులు పడతాయి. వాటిని బాగుచేయడానికి శరీరం వాపు తెచ్చుకుంటుంది, అక్కడి నొప్పి నరాలు సున్నితంగా మారతాయి. ఇదంతా జరగడానికి టైం పడుతుంది కాబట్టే నొప్పి ఆలస్యంగా మొదలై, 24 నుంచి 72 గంటల మధ్య బాగా ముదిరి, ఐదు నుంచి ఏడు రోజుల్లో దానంతటదే పోతుంది. ఆలస్యంగా వచ్చే ఈ నొప్పి గురించి థియోడర్ హఫ్ 1902లోనే రాశాడు. కొత్త సంగతేమీ కాదు.

ఇక కరెంట్. టెన్స్ పెట్టుకుంటే మెషీన్ నడుస్తున్నంతసేపు, ఆపాక ఇంకాసేపు నొప్పి తక్కువగా తెలియవచ్చు. చిరిగిన పోగులు మాత్రం దానివల్ల త్వరగా అతుక్కోవు. ఈ నొప్పి మీద టెన్స్‌ని పరీక్షించినప్పుడు కొన్ని అధ్యయనాల్లో కొద్దిసేపు ఉపశమనం కనిపించింది, కొన్నిటిలో ఏ తేడా రాలేదు. కండరం బలం మామూలవడంలో మాత్రం లాభం కనిపించలేదు.

మెట్లదారి గారూ, ఐదు సిట్టింగులు పూర్తయ్యేసరికి మీ నొప్పి ఎలాగూ పోతుంది. పేరు మాత్రం కరెంటుకి వస్తుంది.

మెట్లదారి (ఆదివారం, రాత్రి 10:55)

మేడం, ఈ చివరి ముక్క ముందే చెప్పుంటే అడ్వాన్స్ 500 ఇచ్చేవాణ్ణి కాదు.

గుంజీళ్ళ బ్యాచ్ (ఆదివారం, రాత్రి 10:57)

😂😂

కేబీఆర్ రన్నర్ (ఆదివారం, రాత్రి 11:20)

మేడం, మీ చదువు మీద గౌరవం ఉంది. కానీ నాకు తగ్గింది కదా? నా కాళ్ళ సంగతి నాకు తెలియదా?

ఫిజియో గుంటూరు (సోమవారం, ఉదయం 6:15)

తగ్గలేదని నేను అనడం లేదు. ఆదివారం పరిగెత్తారు, గురువారానికి తగ్గింది. మెషీన్ లేకపోయినా గురువారానికే తగ్గేది అంటున్నాను. జలుబుకి కషాయం తాగినా వారమే, తాగకపోయినా వారమే.

సర్క్యూట్ బాబాయ్ (సోమవారం, ఉదయం 7:40)

నేను కరెంటాఫీసు మనిషిని. కరెంట్ గురించి చర్చ జరుగుతుంటే చూస్తూ ఊరుకోలేను.

ఇక్కడ అందరూ మూడు నాలుగు రకాల మెషీన్లని కలిపి "కరెంట్" అనేస్తున్నారు. నాకు తెలిసినంతలో టెన్స్ అనేది స్పర్శ నరాలని కదిలించే చిన్న పల్స్. ఒక్కో పల్స్ 50 నుంచి 250 మైక్రోసెకన్లు, సెకనుకి 80 నుంచి 120 దాకా. చీమలు పాకినట్టు ఉంటుంది, కండరం ఎగరదు. ఈఎంఎస్ అంటే కండరానికి వెళ్ళే నరాన్ని కొట్టి కండరాన్ని బిగించేది. చెయ్యో కాలో తనంతట తాను గట్టిపడుతుంది. క్లినిక్‌లో నాలుగు ప్యాడ్లు కత్తెరలా అడ్డంగా పెట్టేది ఐఎఫ్‌టీ. దాంట్లో 4,000 హెర్ట్జ్ (అంటే సెకనుకి 4,000 సార్లు ఊగే) దగ్గర రెండు కరెంట్లు వదులుతారు, ఒకటి 4,000 అయితే ఇంకోటి 4,100 అన్నట్టు. అవి లోపల కలిసిన చోట తేడా, అంటే 100 హెర్ట్జ్, మిగులుతుంది. రెండు వీణలు కాస్త తేడాగా శ్రుతి చేస్తే "వావ్ వావ్" అని ఊగే శబ్దం వస్తుంది చూడండి, అదే సూత్రం. ఎక్కువ ఫ్రీక్వెన్సీకి చర్మం అడ్డు చెప్పడం తక్కువ, కాబట్టి చురుక్కుమనకుండా లోపలికి పోతుంది.

తప్పుంటే ఫిజియో గారు సరిచేయాలి. నాకో సందేహం కూడా ఉంది. మా ఆవిడని తీసుకెళ్ళిన క్లినిక్‌లో మెషీన్ మీద "రష్యన్" అని ఒక బటన్ ఉంది. అదేంటి?

ఫిజియో గుంటూరు (సోమవారం, మధ్యాహ్నం 1:30)

బాబాయ్ గారూ, మా కాలేజీలో మీరు పాఠం చెప్పి ఉంటే ఎలక్ట్రోథెరపీ పేపర్‌కి అంత టెన్షన్ పడేదాన్ని కాదు. అంతా సరిగ్గానే ఉంది.

రష్యన్ కరెంట్ అంటే సోవియట్ శాస్త్రవేత్త యాకోవ్ కోట్స్ పద్ధతి. ఆయన 1977లో కెనడా వెళ్ళి, అథ్లెట్ల బలం పెంచడానికి దీన్ని వాడుతున్నామని చెప్పేసరికి పడమటి దేశాలన్నీ దాని వెంట పడ్డాయి. 2,500 హెర్ట్జ్ కరెంట్, 10 సెకన్లు బిగించడం, 50 సెకన్లు వదలడం, మొత్తం పది నిమిషాలు. అది బలం కోసం, నొప్పి కోసం కాదు.

టెన్స్ నొప్పిని ఎలా ఆపుతుందో కూడా చెప్పేస్తాను. మోకాలు టేబుల్‌కి కొట్టుకుంటే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా, రుద్దితే కాస్త హాయిగా ఉంటుంది. 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుంది, స్పర్శ సంకేతాలు ఎక్కువగా వస్తుంటే నొప్పి సంకేతాలకి దారి ఇరుకవుతుంది అన్నారు. టెన్స్ చేసేది ఆ రుద్దడమే, చేతికి బదులు కరెంటుతో. సెకనుకి 2 నుంచి 4 సార్లు మాత్రమే గట్టిగా కొట్టే రకం ఇంకోటి ఉంది, అది శరీరం సొంతంగా తయారుచేసుకునే నొప్పి మందుల్ని విడుదల చేయిస్తుంది. రోజుల తరబడి ఒకే సెట్టింగ్‌లో వాడితే రెండూ పనిచేయడం తగ్గుతుంది, శరీరం అలవాటు పడిపోతుంది.

ఫిల్టర్ కాఫీ (సోమవారం, మధ్యాహ్నం 2:05)

కాఫీ తాగితే టెన్స్ పనిచేయదని ఎక్కడో చదివాను. నిజమా? నిజమైతే నాకు టెన్స్ వద్దు.

ఫిజియో గుంటూరు (సోమవారం, మధ్యాహ్నం 2:12)

కెఫీన్ దాని ప్రభావాన్ని తగ్గిస్తుందని ఒక చిన్న పరీక్షలో చూశారు. మీరు కాఫీ మానక్కర్లేదండీ. మెషీన్ కన్నా మీ కాఫీకే విలువ ఎక్కువ.

కబడ్డీ మాస్టారు (సోమవారం, సాయంత్రం 5:50)

నమస్తే. నేను హైస్కూల్లో పీఈటీని, పిల్లలకి కబడ్డీ నేర్పుతాను. టోర్నమెంట్లలో రోజుకి మూడు మ్యాచ్‌లు ఆడాల్సి వస్తుంది. మొదటి రోజు దెబ్బకి రెండో రోజు పిల్లలు కుంటుతూ వస్తారు. ఇన్నాళ్ళూ నువ్వుల నూనె రాసి మర్దన చేయడం, రాత్రి వేన్నీళ్ళు, అంతే. మొన్న పక్క జిల్లా టీమ్ వాళ్ళు రెండు కరెంట్ మెషీన్లు తెచ్చారు. పిల్లలు వాటినే చూస్తూ కూర్చున్నారు. మ్యాచ్‌కి ముందు పది నిమిషాలు పెడితే నొప్పి తెలియకుండా ఆడతారేమోనని నాకూ ఆశ పుట్టింది. హెడ్‌మాస్టర్ గారిని నిధులు అడగమంటారా?

ఫిజియో గుంటూరు (సోమవారం, రాత్రి 8:20)

మాస్టారూ, దయచేసి అలా చేయకండి. పిల్లాడి తొడ బలం ఆ రోజు నిజంగానే తగ్గి ఉంటుంది. నొప్పి ఆ సంగతి చెబుతూ ఉంటుంది. నొప్పి నోరు మూయించి కోర్టులోకి పంపితే బలం మాత్రం తిరిగి రాదు. మడమ తిప్పినప్పుడు మోకాలు పట్టు తప్పుతుంది. అప్పుడు చీలేది కండరం కాదు, ఎముకల్ని కట్టి ఉంచే లిగమెంట్.

మీ నువ్వుల నూనె సంగతికి వస్తే మీరు సంతోషపడే మాట ఒకటుంది. వ్యాయామం తర్వాత కోలుకునే పద్ధతుల మీద వచ్చిన 99 అధ్యయనాలని కలిపి 2018లో ఒక విశ్లేషణ చేశారు. అందులో ఈ నొప్పికీ అలసటకీ అన్నిటికన్నా బాగా పనిచేసింది మర్దన. చన్నీళ్ళ స్నానం, బిగుతు మేజోళ్ళు, తేలికపాటి కదలికలు కూడా ఎంతో కొంత మేలు చేశాయి. కరెంటుకి చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. సాగదీసే వ్యాయామాలకీ రాలేదు.

కబడ్డీ మాస్టారు (సోమవారం, రాత్రి 8:41)

అమ్మా, ఈ ఒక్క ముక్క ప్రింట్ తీసి స్కూల్లో అంటిస్తాను. ముప్పై ఏళ్ళ నా మర్దన ఇన్నాళ్ళకి పాసయింది.

స్ట్రెచింగ్ ఫ్యాన్ (సోమవారం, రాత్రి 9:02)

స్ట్రెచింగ్ కూడా పనిచేయదా?! జిమ్‌లో మా ట్రైనర్ రోజూ పావుగంట చేయిస్తాడు.

ఫిజియో గుంటూరు (సోమవారం, రాత్రి 9:10)

చేయండి, ఒళ్ళు సాగుతుంది, మంచిదే. నొప్పి తగ్గించడంలో మాత్రం దాని వాటా చాలా తక్కువ. 2011 నాటి కాక్రేన్ సమీక్షలో (అధ్యయనాలన్నిటినీ కలిపి తూచేది), నొప్పికి నూటికి మార్కులు వేస్తే, వ్యాయామం తర్వాత సాగదీయడం వల్ల వచ్చిన తేడా ఒక్క పాయింటు. ఒక పెద్ద అధ్యయనంలో ముందూ తర్వాతా సాగదీసినా నాలుగే.

డల్లాస్ తెలుగోడు (మంగళవారం, ఉదయం 6:30)

ఇక్కడ అందరూ టెన్స్ గురించే మాట్లాడుతున్నారు. ఈఎంఎస్ గురించి నా అనుభవం చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడొచ్చు.

పోయినేడాది ఇక్కడ ఒక స్టూడియోలో ఫ్రీ ట్రయల్ అంటే వెళ్ళాను. ఒంటి నిండా తడి జాకెట్ తొడిగి, తొడలకి, పిరుదులకి పట్టీలు కట్టి కరెంట్ ఇస్తారు. "20 నిమిషాలు చేస్తే గంటల కొద్దీ జిమ్ చేసినట్టే" అన్నాడు ఆ కుర్రాడు. నాకేమో అంతకుముందు ఆర్నెల్ల నుంచి వ్యాయామం లేదు. ఫుల్ పెట్టమన్నాను, డబ్బులు దండగ కాకూడదని. ఫ్రీ ట్రయల్‌లో కూడా ఆ బుద్ధి చూడండి!

మర్నాడు చేతులు మడవలేకపోయాను. రెండో రోజు షర్టు మా ఆవిడ తొడిగింది. మూడో రోజు మూత్రం కాఫీ డికాషన్ రంగులో వచ్చింది. భయమేసి ఎమర్జెన్సీకి పోతే రక్తంలో సీకే (కండరం దెబ్బతింటే పెరిగే ఎంజైమ్) 40 వేలు దాటింది. మామూలుగా రెండు మూడు వందలు కూడా ఉండకూడదట. రాబ్డోమయోలిసిస్ అన్నారు. అంటే కండరం పగిలి, దాని లోపలి సరుకంతా రక్తంలోకి వచ్చి కిడ్నీల మీద పడుతుందట. మూడు రోజులు సెలైన్ ఎక్కించారు. కిడ్నీలు బతికిపోయాయి, బిల్లు చూశాక నేనే బతకలేదు.

మెట్లదారి (మంగళవారం, ఉదయం 7:05)

అన్నా, భయపెట్టేశావు. నాది మామూలు రంగే, ఇప్పుడే చూసుకొచ్చాను.

ఫిజియో గుంటూరు (మంగళవారం, ఉదయం 7:30)

డల్లాస్ గారూ, ఇది రాసినందుకు థాంక్స్. ఇలాంటి కేసులు వచ్చాకే 2016లో ఇజ్రాయెల్ ఆరోగ్య శాఖ ఈ ఒంటి నిండా కరెంట్ వ్యాయామం మీద హెచ్చరిక చేసింది.

ఎందుకలా అవుతుందో చెబుతాను. మనం మామూలుగా బరువెత్తినప్పుడు మెదడు పోగుల్ని వంతులవారీగా వాడుతుంది. కొన్ని పనిచేస్తుంటే కొన్ని సేదతీరతాయి. కూలీలు షిఫ్టులు మారినట్టు. బయటినుంచి వచ్చే కరెంటుకి ఆ లెక్కలు తెలియవు. ప్యాడ్ దగ్గరున్న పోగులన్నిటినీ ఒకేసారి, ప్రతిసారీ వాటినే బిగిస్తుంది. షిఫ్టు మారడం ఉండదు. కాబట్టి ఈఎంఎస్ ఈ నొప్పికి మందు కాకపోగా, ఎక్కువైతే అదే ఈ నొప్పిని తెచ్చిపెడుతుంది.

ఒక్క మాట అందరూ గుర్తుపెట్టుకోండి. మూత్రం డికాషన్ రంగులో వస్తే, లేదా కాలు బాగా ఉబ్బిపోయి ఎత్తలేకపోతే, ఫోరంలో అడుగుతూ కూర్చోకుండా ఆస్పత్రికి పరిగెత్తండి. ఈ లోపు నొప్పి బిళ్ళలు కూడా మింగకండి, కొన్ని బిళ్ళలు కిడ్నీలకి ఇంకా హాని చేస్తాయి.

రికవరీ స్టోర్ (మంగళవారం, ఉదయం 10:10)

*[ఈ పోస్టును మోడరేటర్ తొలగించారు]*

మోడరేటర్ (మంగళవారం, ఉదయం 10:25)

మెషీన్లు అమ్మే లింకులు ఇక్కడ పెట్టకూడదు. ఇది మూడోసారి.

సత్యవతి పిన్ని (మంగళవారం, సాయంత్రం 4:15)

అమ్మా ఫిజియో గారూ, మా ఆయనకి, అదే మీ బాబాయి గారికి, రెండేళ్ళ క్రితం గుండెకి పేస్‌మేకర్ పెట్టారు. రోజూ పార్కులో నడుస్తారు. పిక్కలు పీకుతున్నాయంటే మా అబ్బాయి బెంగళూరు నుంచి ఈ టెన్స్ మెషీన్ పంపించాడు. ఇంకా పెట్టలేదు. కాలికే కదా, గుండెకి దూరమే కదా, పెట్టొచ్చా తల్లీ?

ఫిజియో గుంటూరు (మంగళవారం, సాయంత్రం 4:22)

వద్దు పిన్నీ. డబ్బా విప్పను కూడా విప్పకండి. మెషీన్ వదిలే పల్సుల్ని పేస్‌మేకర్ గుండె కొట్టుకోవడం అనుకునే ప్రమాదం ఉంది. బాబాయి గారి గుండె డాక్టర్ సరేనంటే తప్ప కాలికి కూడా పెట్టకూడదు. ఇంకో మాట. నడిస్తే పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోతోందా? అలా అయితే అది కండరాల నొప్పి కాకపోవచ్చు, కాలికి రక్తం సరిగ్గా అందకపోయినా అలాగే ఉంటుంది. ఒక కాలు మాత్రమే వాచి వేడిగా ఉంటే అది ఇంకా తొందరగా చూపించాల్సిన విషయం. డాక్టర్ దగ్గర ఈ సంగతులన్నీ చెప్పండి.

మిగతావాళ్ళు కూడా చూసుకోండి. గర్భిణులు పొట్ట మీదా నడుము మీదా పెట్టుకోకూడదు. మెడ ముందు భాగంలో ఎవరూ పెట్టుకోకూడదు. రెండు ప్యాడ్ల మధ్య కరెంట్ ఛాతీ గుండా పోయేలా పెట్టడం, పుండు మీద పెట్టడం, బండి నడుపుతూ పెట్టుకోవడం కూడా వద్దు. మూర్ఛ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడగాలి.

సత్యవతి పిన్ని (మంగళవారం, సాయంత్రం 4:40)

చల్లగా ఉండు తల్లీ. ఆగితే తగ్గిపోతుందనే అంటారు ఎప్పుడూ. రేపే తీసుకెళ్తాను.

సర్క్యూట్ బాబాయ్ (ఆదివారం, ఉదయం 11:00)

ఐదు రోజులు కనబడలేదని ఎవరూ అడగలేదు. పర్లేదు. ప్రయోగంలో ఉన్నాను.

మాది పన్నెండు అంతస్తుల అపార్ట్‌మెంట్. మంగళవారం సాయంత్రం లిఫ్ట్‌లో పైకి వెళ్ళడం, మెట్ల మీద కిందికి దిగడం, ఇలా పదిసార్లు చేశాను. ఆరో రౌండ్‌లో సెక్యూరిటీ అతను "సార్, ఏమన్నా పోయిందా?" అని అడిగాడు. మా తమ్ముడి దగ్గర టెన్స్ మెషీన్ అరువు తెచ్చి, మర్నాటి నుంచి మూడు రోజులు కుడి తొడకి మాత్రమే రోజూ అరగంట పెట్టాను. 100 హెర్ట్జ్, నొప్పి పుట్టనంత గట్టిగా. ఎడమ తొడకి ఏమీ లేదు. ఒక్కో కాలికీ పదికి మార్కులు వేసుకున్నాను.

బుధవారం పొద్దున రెండు కాళ్ళకీ 4. గురువారం సాయంత్రం అసలు పరీక్ష: మెషీన్ పెట్టకముందు రెండూ 7. పెట్టినంతసేపూ కుడి 4, ఎడమ 7. తీసిన అరగంటకి కుడి 5. గంటన్నరకి మళ్ళీ రెండూ 7. శుక్రవారం పెట్టకముందు రెండూ 5. ఇవాళ ఎడమ 1, కుడి 1. బలం కూడా చూశాను. కుర్చీలోంచి ఒంటి కాలి మీద ఎన్నిసార్లు లేవగలనో లెక్కపెట్టాను. మామూలుగా ఎనిమిది. గురువారం రెండు కాళ్ళకీ మూడు, మూడు. ఇవాళ ఏడు, ఏడు.

దీంట్లో లోపాలు నాకు తెలుసు. ఒక్కణ్ణే. పైగా కరెంట్ తగిలితే తెలిసిపోతుంది కాబట్టి నన్ను నేను మోసం చేసుకునే వీలు ఉంది. మా ఆవిడ ఖాళీ ప్యాడ్లు అంటించి "ఆన్ చేశాను" అని చెప్పి చూసింది గానీ రెండు సెకన్లలో కనిపెట్టేశాను. చీమలు పాకలేదు మరి.

ఫిజియో గుంటూరు (ఆదివారం, ఉదయం 11:32)

బాబాయ్ గారూ!! అన్నిసార్లు దిగారా! మోకాళ్ళు జాగ్రత్త అండీ. కానీ ఆ గంటన్నర లెక్క చదివి మా క్లినిక్‌లో అందరికీ చూపించాను.

ఒక నిజం ఒప్పుకుంటాను. మా దగ్గరికి వచ్చేవాళ్ళు వ్యాయామం నేర్పించి, "వారంలో తగ్గుతుంది, వెళ్ళండి" అంటే డబ్బులిచ్చి ఏమీ చేయించుకోలేదన్నట్టు మొహం పెడతారు. తీగలు తగిలించి, ఎర్ర లైటు వెలిగితే తృప్తిగా వెళ్తారు. అందుకే చాలా క్లినిక్‌లలో ఎవరొచ్చినా ముందు కరెంట్. నేనూ చేశాను, మొదటి రెండేళ్ళు. మోకాలి ఆపరేషన్ అయ్యాక తొడ కండరం బిగించమంటే బిగించలేకపోతారు చూడండి, అలాంటి వాళ్ళకి ఈఎంఎస్ చాలా బాగా పనిచేస్తుంది. నేను దగ్గరుండి చూస్తాను. కొండ దిగొచ్చిన ఆరోగ్యవంతుడికి దాని అవసరం లేదు.

కేబీఆర్ రన్నర్ (ఆదివారం, మధ్యాహ్నం 12:10)

బాబాయ్ గారూ, సలాం. సరే, త్వరగా మానదని ఒప్పుకుంటున్నా. కానీ నేను పెట్టుకునేది రాత్రి పడుకునే ముందు. ఆ గంటన్నరలో నాకు నిద్ర పట్టేస్తుంది. నాకదే చాలు. మెషీన్ అమ్మను.

ఫిజియో గుంటూరు (ఆదివారం, మధ్యాహ్నం 12:18)

దీనికి నా దగ్గర జవాబు లేదు. టైమర్ మాత్రం పెట్టుకోండి, ప్యాడ్లతో నిద్రపోకండి, చర్మం కమిలిపోతుంది.

తిరుపతి కుర్రోడు (ఆదివారం, రాత్రి 7:45)

మాది తిరుపతే. మా ఫ్రెండ్స్ అందరం శనివారం శనివారం ఎక్కుతాం, చాలాసార్లు దిగడం కూడా నడిచే. ఎవరికీ ఏ నొప్పీ ఉండదు. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళని చూస్తే రెండో రోజు బస్టాండులోనే గుర్తుపట్టేస్తాం, నడక బట్టి.

ఫిజియో గుంటూరు (ఆదివారం, రాత్రి 8:30)

తమ్ముడూ, అసలు మందు నువ్వు చెప్పావు. ఒకసారి ఇలా దెబ్బతిన్న కండరం బాగైనప్పుడు ఇంకోసారికి సిద్ధమై ఉంటుంది. కొన్ని వారాల దాకా, ఒక్కోసారి నెలల దాకా, అదే పని చేస్తే నొప్పి చాలా తక్కువగా వస్తుంది. మొదటిసారి మరీ గట్టిగా చేయక్కర్లేదు కూడా, కొద్దిగా చేసినా ఆ రక్షణ వస్తుంది. కాబట్టి కొండకి వెళ్ళే రెండు మూడు వారాల ముందు నుంచి వారానికి రెండుసార్లు మీ బిల్డింగ్ మెట్లు దిగండి. ఎక్కడానికి లిఫ్ట్ వాడుకోండి, బాబాయ్ గారిలాగా. మొదటి రోజు మూడు నాలుగు అంతస్తులు చాలు. పన్నెండు ఇంటు పది వద్దు.

సర్క్యూట్ బాబాయ్ (ఆదివారం, రాత్రి 8:34)

విన్నాను.

మెట్లదారి (ఐదు వారాల తర్వాత, శనివారం, రాత్రి 10:05)

మళ్ళీ వెళ్ళొచ్చాం. ఈసారి మా అత్తగారి మొక్కు. మేడం చెప్పినట్టు మూడు వారాల పాటు వారానికి రెండుసార్లు ఐదు అంతస్తులు దిగాను. వాచ్‌మన్ ఈసారీ నవ్వాడు. గురువారం శ్రీవారి మెట్టు దారిలో ఎక్కి, అలిపిరి దారిలో దిగాం. నిన్న తొడలు కాస్త బరువుగా ఉన్నాయి, పదికి 2 అనుకోండి. ఇవాళ మామూలు. నా సాధన చూసి నవ్విన బావమరిది మాత్రం మంచం మీద ఉన్నాడు, మెషీన్ పంపమంటున్నాడు.

అవును, నేను అప్పుడే ఆన్‌లైన్‌లో మెషీన్ ఆర్డర్ పెట్టేశాను, మీరు తిడతారని చెప్పలేదు. నేను వాడింది రెండుసార్లే. ఇప్పుడది మా అత్తగారి దగ్గరుంది. ఆవిడకి మోకాళ్ళ అరుగుదల, డాక్టర్ని అడిగే పెట్టుకుంటున్నారు, సీరియల్ చూసే అరగంట హాయిగా ఉంటోందట. బావమరిదికి ఇవ్వనంటున్నారు. ప్యాడ్లు మాత్రం అంటుకోవడం మానేశాయి. కొత్తవి విడిగా దొరుకుతాయా?

సర్క్యూట్ బాబాయ్ (శనివారం, రాత్రి 10:20)

జిగురు వైపు వేలితో ఒక చుక్క నీళ్ళు రాసి ఆరనివ్వండి, ఇంకో పది రోజులు వస్తాయి. పెట్టేముందు మోకాలికి నూనె లేకుండా సబ్బుతో కడగమనండి. కొత్తవి కొనేటప్పుడు పిన్ సైజు చూసుకోండి, 2 మిల్లీమీటర్లవా, 2.5వా అని. నేను తప్పు సైజు కొని మా తమ్ముడికి ఇంకా మెషీన్ తిరిగి ఇవ్వలేదు.